పొలం కింద పొరుగువాడు

అయిదున్నర కొట్టేసరికి కోనసీమ పల్లె సగం నిద్ర లేచి ఉంటుంది. వాకిళ్లలో కళ్లాపి చల్లే చప్పుడు, పాకలో పాల చెంబుల మోత, సెంటర్లో టీకొట్టు తలుపు తీస్తున్న అలికిడి. 2014 జూన్ 27, శుక్రవారం. మామిడికుదురు మండలం నగరం గ్రామంలోనూ అలాగే తెల్లవారుతోంది. భూమిలోని పైపు నుంచి బయటపడ్డ గ్యాస్ అప్పటికే కొబ్బరితోటల్లోకి, ఇళ్ల మధ్యకి పాకి ఉంది. ఇక ఒక్క నిప్పురవ్వ చాలు. టీకొట్లో పొయ్యి వెలిగించడంతో అంటుకుందని అప్పటి వార్తలు చెప్పాయి.

ఆ తర్వాతంతా నిమిషాల్లో అయిపోయింది. ఇంకా నిద్ర లేవనివాళ్లు ఇళ్లలోనే మంటలకు చిక్కారు. లేచినవాళ్లు ఎటు పరిగెత్తాలో తెలియక మంటలోకే పరిగెత్తారు. కొబ్బరిచెట్లు మొదలు నుంచి మొవ్వు దాకా మాడి నల్లటి స్తంభాల్లా మిగిలాయి. పశువులు కట్టుగొయ్యల దగ్గరే ప్రాణాలు వదిలాయి. 20 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చిన్నపిల్లలూ ఉన్నారు. కాలిన గాయాలతో ఆసుపత్రుల్లో రోజుల తరబడి పోరాడి ఓడిపోయినవాళ్లూ ఉన్నారు.

ఆ పైపు తాటిపాక నుంచి కొండపల్లి దగ్గరి ల్యాంకో విద్యుత్ కేంద్రానికి వెళ్లేది. వ్యాసం 18 అంగుళాలు. యజమాని కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ గెయిల్.

పదకొండేళ్లు గడిచాయి. 2025 అక్టోబరు 16న కర్నూలుకు వచ్చిన ప్రధాని నరేంద్ర మోదీ జాతికి అంకితం చేసిన పనుల్లో మరో గెయిల్ పైపులైను ఉంది. అది శ్రీకాకుళం నుంచి ఒడిశాలోని అంగుల్ దాకా వేసింది. రెండు పొరుగు రాష్ట్రాల మధ్య మట్టి కింద పడిన కొత్త దారి. ఇంకోపక్క పట్టణాల్లో వీధులు తవ్వి పసుపు రంగు పైపులు పరుస్తున్నారు. సిలిండర్ బుకింగ్ బాధ పోతుందని కొందరు, ఇంటి గోడ దాకా గ్యాస్ పైపు వస్తే భయం కదా అని ఇంకొందరు మాట్లాడుకుంటున్నారు. ఆశా నిజమే, భయమూ నిజమే. నగరం గ్రామాన్ని మరిచిపోకుండా ఈ కొత్త దారుల గురించి మాట్లాడుకోవాలి.

అటు ధామ్రా, ఇటు గోదావరి

శ్రీకాకుళం ఎక్కడ, అంగుల్ ఎక్కడ? ఒకటి జీడిమామిడికి, కొబ్బరికి పేరున్న సముద్రతీర జిల్లా. రెండోది బొగ్గు గనులు, అల్యూమినియం, ఉక్కు ఫ్యాక్టరీల ఊరు. ఈ రెండింటికీ చుట్టరికం కలిపింది గ్యాసే.

అంగుల్‌కు ఇంకో పెద్ద పైపులైను ముందే వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లోని జగదీశ్‌పుర్‌ను హల్దియా, బొకారో, ధామ్రాలతో కలిపే ఆ లైనుకు ప్రధానమంత్రి ఊర్జా గంగ అని పేరు పెట్టారు. అందులోని ధామ్రా ఒడిశా తీరంలో, భద్రక్ జిల్లాలో ఉన్న రేవు. విదేశాల నుంచి ఓడల్లో వచ్చే ద్రవ సహజవాయువును దించుకునే టెర్మినల్ అక్కడ 2023లో మొదలైంది. మైనస్ 162 డిగ్రీల చలిలో నీళ్లలా మారిన గ్యాస్‌ను మళ్లీ వేడిచేసి, వాయువుగా మార్చి పైపుల్లోకి వదులుతారు. మన దేశం వాడే గ్యాస్‌లో దాదాపు సగం ఇలా ఓడల మీద వచ్చేదే.

ఇటు మనవైపు కృష్ణా–గోదావరి బేసిన్ ఉంది. నేల మీద బావుల్లోనూ, సముద్రం అడుగునా గ్యాస్ ఉన్న ప్రాంతమిది. ఒకవైపు ఓడరేవు, ఇంకోవైపు గ్యాస్ బావులు. తూర్పు తీరం వెంట ఈ రెంటినీ కలపాలన్న ఆలోచనలో శ్రీకాకుళం–అంగుల్ ఒక కీలకమైన లంకె. ఊళ్లో రెండు చెరువుల మధ్య కాలువ తవ్వినట్టే ఇదీ. ఒకదాంట్లో నీళ్లు తగ్గితే రెండోదాని నుంచి తెచ్చుకోవచ్చు.

ధర విషయంలోనూ దూర ప్రాంతాలవాళ్లకు మేలు జరిగింది. ఒకప్పుడు గ్యాస్ ఎన్ని పైపులైన్లు దాటి వస్తే అన్నింటి రవాణా చార్జీలూ కొనేవాడి నెత్తిన పడేవి. దూరంగా ఉన్న ప్రాంతానికి గ్యాస్ అందినా గిట్టుబాటయ్యేది కాదు. 2023 ఏప్రిల్ నుంచి పైపులైన్లన్నిటినీ కలిపి చార్జీ లెక్కగట్టే ఏకీకృత టారిఫ్ వచ్చి ఆ భారం చాలావరకు తగ్గింది.

■ బాక్స్: అంకెల్లో శ్రీకాకుళం–అంగుల్

• ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 124 కి.మీ., ఒడిశాలో సుమారు 298 కి.మీ.
• ఖర్చు దాదాపు రూ.1,730 కోట్లు
• దేశం వాడే మొత్తం ఇంధనంలో సహజవాయువు వాటా 6–7 శాతం. 2030 నాటికి దీన్ని 15 శాతానికి చేర్చాలన్నది కేంద్రం లక్ష్యం
• రాష్ట్రాల సరిహద్దులు దాటిన తొలి భారీ గ్యాస్ పైపులైను హజీరా–బిజైపుర్–జగదీశ్‌పుర్. 1980లలో వేశారు. గెయిల్ సంస్థ 1984లో పుట్టింది ఈ పని కోసమే

మన గ్యాస్ ఎటు పోయింది?

గ్యాస్ పైపు మాట ఎత్తగానే గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్లు అడిగే ప్రశ్న ఇది. అందులో బాధ ఉంది, న్యాయమూ ఉంది.

2009 ఏప్రిల్‌లో కాకినాడ దగ్గరి గాడిమొగకు సముద్రం అడుగు నుంచి కేజీ–డీ6 బ్లాకు గ్యాస్ వచ్చింది. దాన్ని మోసుకెళ్లడానికి కాకినాడ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా సుమారు 1,400 కి.మీ. పైపు వేశారు. ఇప్పటి లెక్కన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర, గుజరాత్, అయిదు రాష్ట్రాలు. దేశాన్ని తూర్పు నుంచి పడమరకు కుట్టేసిన దారం అది. 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్ల దాకా గ్యాస్ వచ్చింది. అదే నమ్మకంతో గోదావరి తీరాన గ్యాస్ విద్యుత్ కేంద్రాలు వరసగా లేచాయి. బ్యాంకులు వేల కోట్లు అప్పులిచ్చాయి.

తర్వాత బావులు ఎండటం మొదలైంది. ఉత్పత్తి ఏటికేడు పడిపోయి, నాలుగైదేళ్లలో పతాక స్థాయిలో అయిదో వంతుకు కూడా మిగల్లేదు. కొత్త కేంద్రాలు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. కొన్ని అసలు సరిగా తిరగనే లేదు. ఆ రోజుల్లో ఉన్న కొద్ది గ్యాస్‌లో ఏ రాష్ట్రానికి ఎంత అన్న పేచీ ఢిల్లీ దాకా వెళ్లింది. మా గడప ముందు నుంచే పోతున్న గ్యాస్ మాకెందుకు దక్కదని ఇక్కడివాళ్లు అడగడంలో తప్పేముంది? పైపు వేయడం ఒక ఎత్తు, అందులో పదేళ్లపాటు గ్యాస్ పారుతుందన్న భరోసా ఇంకో ఎత్తు. రెండోది లేకుండా మొదటిదాని మీద ఆశలు కట్టుకుంటే ఏమవుతుందో మనం కళ్లారా చూశాం.

మంచి కథా ఒకటుంది. కాకినాడ దగ్గరి మల్లవరం నుంచి రాజస్థాన్‌లోని భిల్వారా దాకా వేద్దామనుకున్న ఇంకో పైపులైను అంత దూరం పోలేదు. కానీ పశ్చిమ గోదావరి నుంచి రామగుండం దాకా, సుమారు 360 కి.మీ. మేర పూర్తయింది. ఆ గ్యాస్‌తోనే రామగుండం ఎరువుల కర్మాగారం నడుస్తోంది. ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా దాని సామర్థ్యం. సహజవాయువును విడగొడితే హైడ్రోజన్ వస్తుంది. దాన్ని గాలిలోని నత్రజనితో కలిపితే అమ్మోనియా, ఆ అమ్మోనియా నుంచి యూరియా. అంటే తెలంగాణలో వరి నాటేసిన రైతు బస్తా విప్పి చల్లే తెల్లటి గుళికల్లో ఆంధ్రా తీరం నుంచి వచ్చిన గ్యాస్ ఉంది. రెండు రాష్ట్రాలూ విడిపోయాక కూడా ఈ బంధం మట్టి కింద అలాగే ఉంది.

తడి గ్యాస్ తినేసిన పైపు

నగరం గ్రామంలో పైపు ఎందుకు పగిలింది? ఇది ఇంజినీర్లకే అర్థమయ్యే సంగతేమీ కాదు. ఇనప బాణలి కడిగి తుడవకుండా వదిలేస్తే ఏమవుతుందో తెలిసిన ప్రతివారికీ అర్థమవుతుంది.

బావిలోంచి వచ్చే గ్యాస్ ఒట్టి గ్యాస్ కాదు. దాంతోపాటు నీటి ఆవిరి, కండెన్సేట్ అనే తేలికపాటి నూనె, కాస్త కార్బన్ డయాక్సైడ్ కూడా వస్తాయి. నీరు చల్లబడి పైపు అడుగున చేరుతుంది. కార్బన్ డయాక్సైడ్ అందులో కరిగితే ఆమ్లమవుతుంది. ఆ ఆమ్లం రాత్రీ పగలూ ఉక్కును లోపలినుంచి కొరుకుతూనే ఉంటుంది. బయటి నుంచి చూస్తే పైపు నిక్షేపంలా కనిపిస్తుంది. అందుకే పైపులోకి పంపే ముందే గ్యాస్‌లోని తేమను పూర్తిగా తీసేయాలి. అందుకు వేరే యూనిట్ ఉంటుంది.

నగరం ప్రమాదం మీద కేంద్రం వేసిన విచారణ కమిటీ తేల్చింది ఇదే. ఆ లైను పొడి గ్యాస్ కోసం వేసింది. అందులో ఏళ్ల తరబడి తడి గ్యాస్ పంపారు. తేమ తీసే యూనిట్ పెట్టనే లేదు. లోపలినుంచి తుప్పు తిన్న పైపు కారడం మొదలెట్టింది. అంతకుముందే లీకుల గురించి చెప్పినా పట్టించుకోలేదని గ్రామస్థులు ఆ రోజుల్లో గుండెలు బాదుకున్నారు.

రాసేటప్పుడు నాకు చెయ్యి ఆగే చోటు ఇదే. యంత్రం లేకపోవడం ఒక తప్పు. దాని ధర లెక్కగట్టవచ్చు. ఊరివాళ్లు వచ్చి ఇక్కడ ఏదో తేడాగా ఉందని చెబితే ఆ మాట పై అధికారి దాకా వెళ్లకపోవడం ఇంకో తప్పు. పైపు మీద పగలూ రాత్రీ బతికేది వాళ్లే కదా. మీటరు పసిగట్టేలోపే మార్పును చూసేదీ వాళ్లే.

ప్రమాదం తర్వాత చనిపోయినవారి కుటుంబాలకు పరిహారం అందింది, కేసులు నడిచాయి, బేసిన్‌లోని పాత పైపులు మార్చే పని మొదలైంది. ఆ పనులేవో ఒక్క ఏడాది ముందు జరిగి ఉంటే నగరంలో ఆ శుక్రవారం మామూలు శుక్రవారమే అయ్యేది.

పొలం మనదే, హక్కు సగమే

పైపులైను కోసం రైతు పొలాన్ని ప్రభుత్వం కొనదు. 1962 నాటి ఒక కేంద్ర చట్టం కింద ఆ పట్టీ మేర 'వినియోగ హక్కు' మాత్రం తీసుకుంటుంది. పట్టాదారు పాసుపుస్తకంలో పేరు రైతుదే. పైపు పూడ్చాక వరి వేసుకోవచ్చు, అపరాలు చల్లుకోవచ్చు. ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెరువు తీయకూడదు, చెట్టు పెట్టకూడదు.

చెట్టు పెట్టకూడదు అన్న ముక్క కాగితం మీద చిన్నదే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో చెప్పి చూడండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో అక్కడి కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టింది. ముప్ఫై, నలభై ఏళ్ల చెట్లు వేళ్లతో లేచిపోయాయి. కొబ్బరి మొక్క నాటితే గెల చూడటానికి ఆరేడేళ్లు ఆగాలి. ఆ జిల్లాలో చెట్టంటే కూతురి పెళ్లి, కొడుకు చదువు, తాత పేరు. తీరం వెంట ఇలాంటి తోటల రైతుకు పైపు దారిలో చెట్టు కొట్టేసి ఇకమీదట పెట్టొద్దు అని చెబితే, అతను పోగొట్టుకునేది ఒక సీజను పంట కాదు.

పరిహారం ఎంత? కొట్టేసిన చెట్లకు, పాడైన పంటకు నష్టం కట్టిస్తారు. అది కాక, ఆ పట్టీ మార్కెట్ విలువలో 10 శాతం. అదీ నోటిఫికేషన్ వచ్చిన రోజునాటి విలువ మీద. ఎకరా 20 లక్షలుండే చోట అర ఎకరం పైపు దారిలో పోయిందనుకోండి. దాని విలువ 10 లక్షలు, చేతికొచ్చేది లక్ష. ఆ తర్వాత పొలం అమ్మబోతే, కింద గ్యాస్ పైపు ఉందట కదా అని కొనేవాడు ఎంత తగ్గిస్తాడో ఏ చట్టమూ లెక్కేయదు. అరవై ఏళ్లు దాటిన ఈ 10 శాతాన్ని పార్లమెంటు ఇకనైనా పెంచాలి.

కౌలు రైతు సంగతి ఇంకా దయనీయం. తొక్కిన పైరు అతనిది, డబ్బు కట్టే కాగితం మీద పేరు ఆసామిది. చేతిలో పంట సాగుదారు హక్కు పత్రం ఉంటే కొంత అడగగలడు. అది లేని కౌలుదారు పొక్లెయిన్ వెళ్లిపోయాక మట్టిగడ్డలు ఏరుకోవడమే.

దక్షిణాదిలోని ఇతర రాష్ట్రాల్లో ఈ గొడవలు గట్టిగానే జరిగాయి. తమిళనాడులో కొంగునాడు రైతులు పైపును పొలాల్లోంచి కాకుండా జాతీయ రహదారి పక్కన వేయమని పోరాడారు. అక్కడి ప్రభుత్వం వాళ్ల పక్షాన నిలిచినా 2016లో సుప్రీంకోర్టు గెయిల్ వైపే తీర్పిచ్చింది. కేరళలో కొచ్చి–మంగళూరు లైను మీద 2017లో ముక్కం దగ్గర పెద్ద ఆందోళన జరిగింది. ప్రభుత్వం దిగొచ్చి పరిహారం పెంచింది. పది సెంట్లు, అంతకన్నా తక్కువ జాగా ఉన్న కుటుంబాలకు 5 లక్షల ప్రత్యేక సాయం ప్రకటించింది. సుమారు 450 కి.మీ. ఆ లైను 2021 జనవరిలో ప్రారంభమైంది. ప్రభుత్వం కూర్చుని మాట్లాడితే పని ఆగలేదు, అయింది.

■ బాక్స్: మీ పొలంలో పైపు పడుతుంటే

• ముందు నోటిఫికేషన్ వస్తుంది. అభ్యంతరం ఉంటే 21 రోజుల్లోగా లిఖితపూర్వకంగా ఇవ్వాలి
• సర్వే నంబరు, విస్తీర్ణం, చెట్ల లెక్క మీరే రాసుకుని, ఫొటోలు తీసి పెట్టుకోండి
• పరిహారం చాలదనిపిస్తే జిల్లా జడ్జి దగ్గరకు వెళ్లే హక్కు చట్టంలోనే ఉంది
• పని అయ్యాక నేలను మునుపటిలా చదును చేసి అప్పగించమని అడగండి. పై మట్టి పైనే పడాలి, అడుగు మట్టి అడుక్కే పోవాలి

గట్ల మీద నడిచే మనిషి

గ్యాస్ పైపు వేశాక దాన్ని కాపాడేదెవరు? కంట్రోల్ రూములో కూర్చుని పీడనం చూసే ఇంజినీరు ఒకరు. లైను పొడవునా అక్కడక్కడా వాల్వు స్టేషన్లు ఉంటాయి, ఎక్కడైనా తేడా వస్తే ఆ ముక్కను మూసేస్తారు. తుప్పు పట్టకుండా పైపుకు ప్లాస్టిక్ పూత వేస్తారు, సన్నటి కరెంటు పంపుతారు. పైపు లోపల 'పిగ్' అనే పరికరాన్ని గ్యాస్ ఒత్తిడితోనే నెట్టి, గోడ ఎక్కడ పల్చబడిందో కొలుస్తారు.

ఇన్ని ఉన్నా రోజూ కాలినడకన తిరిగే మనిషి ఒకడు కావాలి. అతనే లైన్ వాకర్. భుజాన సంచి, చేతిలో జీపీఎస్ పరికరం. ఎండైనా వానైనా తన వాటా కిలోమీటర్లు గట్ల మీద నడవాల్సిందే. ఎవరైనా పైపు మీద గొయ్యి తీస్తున్నారా, షెడ్డు వేస్తున్నారా, వరదకు మట్టి కోసుకుపోయి పైపు బయటపడిందా అని చూస్తాడు. జీతం చిన్నది, ఉద్యోగం ఎక్కువగా కాంట్రాక్టుది. అతని కళ్ల మీద వేల మంది ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి.

పట్టణాల్లో ఈ కాపలా ఇంకా కష్టం. ఇళ్లకు వచ్చే పసుపు పైపులో పీడనం చాలా తక్కువ, వంటగది చేరేసరికి మరీ స్వల్పం. సిలిండర్ గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. పైపు గ్యాస్ గాలికన్నా తేలిక, కిటికీ తీస్తే పైకి పోతుంది. వాసన తెలియడానికి అందులో మెర్‌కాప్టాన్ కలుపుతారు. ఇన్ని అనుకూలాలున్నా, డ్రైనేజీ కోసమో కేబుల్ కోసమో అడగకుండా తవ్వే పొక్లెయిన్ ఒక్కటి చాలు, పైపు తెగిపోతుంది. ఒకే వీధిని నాలుగు శాఖలు నాలుగుసార్లు తవ్వే మన ఊళ్లలో, తవ్వే ముందు గ్యాస్ సంస్థకు ఫోన్ చేయాలన్న నిబంధనను మున్సిపాలిటీలు కచ్చితంగా అమలు చేయాలి.

■ బాక్స్: లీకు అనుమానం వస్తే

• పొలాల్లో పోయే పెద్ద లైన్లలో గ్యాస్‌కు చాలాచోట్ల వాసన కలపరు. బుస్‌మన్న శబ్దం, చేలో నీళ్లలో బుడగలు, ఒకే గీతలో ఎండిన గడ్డి కనిపిస్తే అనుమానించండి
• అక్కడ బీడీ, అగ్గిపుల్ల, బండి స్టార్ట్ చేయడం వద్దు. గాలి ఎటు నుంచి వీస్తోందో అటువైపుగా దూరం వెళ్లి, అక్కడి నుంచే ఫోన్ చేయండి
• ఇంట్లో అయితే స్విచ్ వేయొద్దు, ఆపొద్దు. వాల్వు కట్టేసి, తలుపులు, కిటికీలు తెరిచి బయటికి రండి
• సిలిండర్ గ్యాస్ లీకుకు అత్యవసర నంబరు 1906. పైపులైన్లకు హెచ్చరిక బోర్డు మీద నంబరు ఉంటుంది

ఆ హెచ్చరిక బోర్డు గురించి ఒక మాట చెప్పాలి. ఒడిశా సరిహద్దున ఇచ్ఛాపురం వైపు తెలుగు, ఒడియా రెండూ మాట్లాడే ఇళ్లెన్నో ఉన్నాయి. అక్కడ బోర్డులు ఆ రెండు భాషల్లోనూ ఉండాలి. ఫోన్ ఎత్తేవాళ్లకు ఆ భాషలు రావాలి. ఏడాదికొకసారి పంచాయతీ ఆవరణలో ఊరందరినీ పిలిచి, పైపు ఎటు పోతోందో, ఏమైనా అయితే ఎటు పరిగెత్తాలో చూపించాలి.

పోయిన వేసవిలో గోదావరి జిల్లాలో ఒక చేలగట్టు మీద అలాంటి బోర్డు ముందు నిలబడ్డాను. సంస్థ పేరు అనవసరం. పసుపు రంగు పెచ్చులూడింది. గేదెలు ఒళ్లు రుద్దుకుని రుద్దుకుని ఒక అంచు నున్నగా అరిగిపోయింది. ఫోన్ నంబరులో చివరి రెండంకెలు లేవు. ఒకటికి రెండుసార్లు వంగి చూశాను, వేలితో తడిమాను. లేవు.

పక్క చేలో నీళ్లు కడుతున్న పెద్దాయన నన్ను చూసి గట్టెక్కాడు. నంబరు కావాలా అండీ అన్నాడు. లుంగీ మడతలోంచి బటన్ల ఫోన్ తీసి, కళ్లకు దూరంగా పట్టుకుని పేరు వెతికాడు. తెర మీద 'గ్యాసు తమ్ముడు' అని ఉంది. రోజూ ఈ గట్టు మీదే పోతాడండీ, ఎండలో మజ్జిగ తాగి వెళ్తాడు అని చెబుతూనే నొక్కేశాడు. రెండో రింగుకే అవతల ఎత్తారు. గాలిహోరు, ఆయాసం, నడుస్తూనే మాట్లాడుతున్న గొంతు.

"ఏం బాబాయ్, చేలో బుడగలేమన్నా వస్తన్నాయా?"